దగ్గినవాళ్ళకు చెప్పకూడని మాటలు

క్షయకు మందుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షకు డబ్బు కట్టనక్కర్లేదు, మాత్రలకూ కట్టనక్కర్లేదు. చికిత్స సాగినన్నాళ్ళూ తిండి కోసం నెలకు 1000 రూపాయల చొప్పున రోగి బ్యాంకు ఖాతాలో పడతాయి. అయినా 2023లో మన దేశంలో 3 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రపంచంలోని టీబీ రోగుల్లో నాలుగో వంతు మంది మనవాళ్ళే. రాబర్ట్ కాక్ ఈ సూక్ష్మక్రిమిని పట్టుకున్నానని బెర్లిన్‌లో ప్రకటించింది 1882 మార్చి 24న. అంత పాత శత్రువు, ఎలా చంపాలో కూడా తెలిసిన శత్రువు ఇంకా మన ఇళ్ళలో తిరుగుతోందంటే ఎక్కడో చాలా ఆలస్యం జరుగుతోంది.

ఆ ఆలస్యం ఎక్కువగా ఆసుపత్రి గేటు దాకా రాకముందే జరుగుతోంది. అక్క చెప్పిన మాట, తోటి కూలీ చెప్పిన చిట్కా, మందుల షాపులో ఇచ్చిన గోలీ, ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన ధైర్యం, ఇవన్నీ కలిసి రోగి నుంచి రెండు నెలలు, మూడు నెలలు లాగేసుకుంటాయి. ఎవరూ చెడు కోరి చెప్పరు. అందుకే ఆ మాటల్ని ఎదిరించడం అంత కష్టం. తెలుగిళ్ళలో నేను పదేపదే విన్న ఆ సలహాల్ని ఇక్కడ పెట్టి, ఒక్కోటి ఎందుకు పనికిరాదో, దాని బదులు ఏం చెప్పాలో రాస్తున్నాను.

“వానలకు పట్టిన దగ్గేలే వదినా, కషాయం తాగితే పోద్ది”

అల్లం, మిరియాలు, తులసాకు వేసి కాచిన కషాయం ఎవరికీ చెడు చెయ్యదు. గొంతుకు హాయిగానే ఉంటుంది. గడువు పెట్టుకోకపోవడంతోనే చిక్కు. ఈ వారం చూద్దాం, నాట్లు అయ్యాక చూద్దాం, పండగ వెళ్ళాక చూద్దాం అంటూ పోతే మనిషి చిక్కి సగమైపోతాడు. అప్పుడు గానీ భయం పుట్టదు.

గడువు రెండు వారాలు. అంతకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించాలి. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, రాత్రి చెమటలు పట్టడం, ఆకలి చచ్చిపోవడం, రవిక వదులైపోవడం, తెమడలో నెత్తుటి జీర కనిపించడం, వీటిలో ఏది తోడైనా రెండు వారాలు కూడా ఆగొద్దు.

జనానికి తెలివి లేక ఆసుపత్రికి రారని చదువుకున్నవాళ్ళు అంటుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. బెంగళూరులో జాతీయ క్షయ సంస్థను 1959లో పెట్టాక, అక్కడి పరిశోధకులు బెనర్జీ, ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెల్లో ఒక అధ్యయనం చేసి 1963లో ప్రచురించారు. క్షయ ఉన్నవాళ్ళలో చాలామందికి తమ ఒంట్లో ఏదో తేడాగా ఉందని తెలుసు. వాళ్ళలో సగం మంది దాకా ఆసుపత్రి మెట్లు ఎక్కినవాళ్ళే. దగ్గు మందు సీసా చేతికిచ్చి పంపించేశారు. తప్పు రోగిది కాదని అప్పుడే తేలింది.

ఆ తర్వాత దాదాపు 60 ఏళ్ళకు, 2019-21లో, జాతీయ స్థాయిలో ఇంటింటి సర్వే జరిగింది. లక్షణాలున్నవాళ్ళలో 64 శాతం మంది వైద్యం కోసం ఎక్కడికీ వెళ్ళనేలేదని అది చెప్పింది. ఎక్కువమంది లక్షణాల్ని పట్టించుకోలేదు. కొందరికి అవి జబ్బు గుర్తులని తట్టలేదు. ‘పోద్దిలే’ అన్న ఒక్క మాటకు ఇంత బలం ఉంది.

“పెద్ద యాంటీబయాటిక్ వాడు, ఒక సెలైన్ ఎక్కించుకో”

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్ళడాన్ని నేను తప్పు పట్టను. రాత్రి పదింటికి తలుపు తట్టినా పలికేది ఆయనే. కూలి పోగొట్టుకోకుండా చూపించుకోగలిగేది ఆయన దగ్గరే. అయితే దగ్గుకు ఆయనో, మందుల షాపో ఇచ్చే కొన్ని మందులు జబ్బును దాచేస్తాయి. లీవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ లాంటివి టీబీ క్రిముల్ని కొంతవరకు అణుస్తాయి. వారం పది రోజులు జ్వరం తగ్గుతుంది, ముద్ద నోటికి పోతుంది, ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. క్రిములు మాత్రం మిగిలే ఉంటాయి. ఆ సమయంలో తెమడ పరీక్ష చేస్తే జబ్బు కనపడకపోవచ్చు కూడా. పైగా ఆ మందులు మామూలు మందులకు లొంగని మొండి టీబీకి దాచి ఉంచుకోవాల్సినవి. దగ్గుకు చిల్లరగా వాడేస్తే అసలు అవసరం పడ్డప్పుడు పనిచెయ్యవు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇంకా ప్రమాదం. వేసిన పూటకు ఒళ్ళు తేలికవుతుంది, లోపల రోగనిరోధక శక్తి పడిపోతుంది. ఏ ఇంజెక్షన్ వేస్తున్నారో అడిగి చీటీ మీద రాయించుకోవడం రోగి హక్కు. అడగడానికి మొహమాటపడొద్దు.

ఆర్‌ఎంపీలకూ, మందుల షాపులవాళ్ళకూ నా మనవి ఒకటే. రెండు వారాల దగ్గుతో మనిషి మీ దగ్గరకు వస్తే, మీరిచ్చే మంచి సలహా “ముందు తెమడ పరీక్షకు వెళ్ళిరా” అన్నదే. ఆ ఒక్క మాటతో మీరు ఒక ఇంటిని కాపాడినవాళ్ళవుతారు.

“రక్తం తీసి చూస్తే తేలిపోతుంది, ఉమ్మి ఇవ్వడం అసహ్యం”

ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలను బట్టి ‘టీబీ ఉంది, లేదు’ అని చెప్పే రక్తపరీక్షల్ని భారత ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. అవి ఉన్న జబ్బును లేదనేవి, లేనిదాన్ని ఉందనేవి. ఎంతోమంది వాటికి డబ్బు పోసి అనవసరంగా ఆరు నెలలు మందులు మింగారు. ఇంకెంతోమంది జబ్బు పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయారు. ఊపిరితిత్తుల టీబీకి నమ్మదగిన సాక్ష్యం తెమడే.

పాత పద్ధతిలో తెమడను గాజు పలక మీద పూసి మైక్రోస్కోపు కింద చూసేవారు. క్రిములు బాగా ఎక్కువగా ఉంటేనే అందులో దొరికేవి. ఇప్పుడు సీబీనాట్, ట్రూనాట్ అనే యంత్రాలున్నాయి. ట్రూనాట్ గోవాలో తయారైన మన దేశపు యంత్రం. బ్యాటరీ మీద కూడా నడుస్తుంది కాబట్టి మారుమూల ఆరోగ్య కేంద్రంలోనూ పెట్టుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దాన్ని ఆమోదించింది. ఇవి క్రిమి తాలూకు డీఎన్‌ఏను పట్టుకుంటాయి. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు ఆ క్రిమి లొంగుతుందా లేదా అన్నదీ కొద్ది గంటల్లోనే చెబుతాయి. కాబట్టి తెమడ ఇచ్చినప్పుడు “నాట్ పరీక్ష చేస్తున్నారా?” అని అడగండి.

డబ్బాలో ఏం ఇస్తున్నామన్నది కూడా ముఖ్యం. “ఏదో ఒకటి ఉమ్మి ఇచ్చేయ్” అని పక్కవాళ్ళు చెబుతారు. నోట్లో ఊరిన లాలాజలంలో క్రిములు దొరకవు. పొద్దున్నే లేచి, నోరు నీళ్ళతో పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చుకుని, రొమ్ము లోతుల్లోంచి దగ్గి తెమడ తియ్యాలి. చిక్కగా, జిగటగా ఉండాలి. గదిలో కాకుండా ఆరుబయట, పక్కన ఎవరూ లేనిచోట తీస్తే ఇంకొకరికి అంటదు. ఆడవాళ్ళు నలుగురి ముందు గట్టిగా దగ్గడానికి సిగ్గుపడి లాలాజలమే ఇచ్చి వెళ్ళిపోతారు, ఫలితం ‘లేదు’ అని వస్తుంది. ఆశా కార్యకర్త కాసేపు తోడు నిలబడి, చాటు చూపించి, ఎలా తియ్యాలో చెబితే ఈ తప్పు జరగదు. చిన్నపిల్లలకు తెమడ రాదు. వాళ్ళకు పొద్దున్నే కడుపులోంచి ద్రవం తీసి పరీక్షించే పద్ధతి ఉంది, పిల్లల డాక్టరు చూసుకుంటారు. బిడ్డ దగ్గకపోయినా, నెలల తరబడి బరువు పెరగకుండా ఉంటే, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే, ఆ సంగతి డాక్టరుకు మనమే గుర్తుచెయ్యాలి.

“నాకు దగ్గే లేదు, ఎక్స్-రే క్యాంపుకు నేనెందుకు?”

టీబీ నిర్మూలనకు ఇంతకంటే పెద్ద అడ్డుమాట లేదని నా అభిప్రాయం. కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను.

ఇందాక చెప్పిన జాతీయ సర్వేలో లక్షణాలు అడగడంతో పాటు అందరికీ ఛాతీ ఎక్స్-రే కూడా తీశారు. తర్వాత లెక్క చూస్తే, ఎక్స్-రే తియ్యకుండా లక్షణాల్ని మాత్రమే అడిగి వదిలేసి ఉంటే బయటపడ్డ కేసుల్లో 42 శాతానికి పైగా చేజారిపోయేవి. అంటే దగ్గు లేకుండానే, జ్వరం లేకుండానే, ఊపిరితిత్తుల్లో జబ్బు మోస్తూ పొలానికీ, ఫ్యాక్టరీకీ, బడికీ వెళ్తున్నవాళ్ళు అంతమంది ఉన్నారు. వాళ్ళు కూడా గాలిలోకి క్రిములు వదలగలరు.

2024 డిసెంబరు 7న మొదలుపెట్టిన 100 రోజుల కార్యక్రమం ఈ లెక్క మీదే నిలబడింది. ముందు 347 జిల్లాల్లో మొదలై తర్వాత దేశమంతటికీ విస్తరించింది. చేత్తో పట్టుకునే చిన్న ఎక్స్-రే యంత్రాన్ని పంచాయతీ ఆఫీసు అరుగు మీదకే తెచ్చారు. కంప్యూటరు ప్రోగ్రాం ఆ చిత్రాన్ని అక్కడికక్కడే చూసి అనుమానం ఉన్నవాళ్ళను వేరు చేస్తుంది, వాళ్ళ తెమడే నాట్ పరీక్షకు వెళ్తుంది. ఆ 100 రోజుల్లో దాదాపు 13 కోట్ల మందిని పరీక్షించగా 7 లక్షల 19 వేల మందికి టీబీ బయటపడింది. అందులో 2 లక్షల 85 వేల మందికి ఏ లక్షణమూ లేదు. వాళ్ళలో ప్రతి ఒక్కరూ “నాకేమీ లేదు కదా” అని క్యాంపు ఎగ్గొట్టగలిగినవాళ్ళే.

క్యాంపు మన ఊరికి వచ్చినప్పుడు ఎవరు తప్పకుండా వెళ్ళాలి? గతంలో టీబీ వచ్చి తగ్గినవాళ్ళు, గత కొన్నేళ్ళలో ఇంట్లో టీబీ రోగి ఉన్నవాళ్ళు, 60 దాటినవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు, చుట్టా బీడీ కాల్చేవాళ్ళు, రోజూ తాగేవాళ్ళు, బాగా సన్నబడ్డవాళ్ళు. షుగరు ఉంటే టీబీ వచ్చే ప్రమాదం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. షుగరు గోలీలు మింగుతున్న మనిషి ఏ ఊళ్ళోనైనా కనిపిస్తాడు కాబట్టి, ఈ రెండు జబ్బుల జోడీ గురించి ప్రతి ఇంట్లో మాట్లాడుకోవాలి. రాతి క్వారీల్లో, క్రషర్లలో, పలకల పనిలో రాతిదుమ్ము పీల్చేవాళ్ళది ఇంకో కథ. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని గట్టిపరుస్తుంది, అలాంటి ఊపిరితిత్తుల్లో టీబీ తేలిగ్గా పాతుకుంటుంది. దగ్గు వస్తే “దుమ్ము దగ్గేలే” అని వాళ్ళకు వాళ్ళే సర్దిచెప్పుకుంటారు. ఇటుక బట్టీలకు వలస వెళ్ళేవాళ్ళు క్యాంపు పెట్టిన రోజు ఊళ్ళోనే ఉండరు. క్యాంపు తేదీని వాళ్ళ సీజన్ చూసి పెట్టాలని పంచాయతీవాళ్ళు పట్టుబట్టాలి.

ఎక్స్-రే వల్ల క్యాన్సర్ వస్తుందని కొందరు భయపెడతారు. ఛాతీ ఎక్స్-రేలో ఒంటికి తగిలే కిరణాలు చాలా స్వల్పం. గర్భవతులు మాత్రం ముందే చెప్పాలి, వాళ్ళకు పొట్ట దగ్గర అడ్డుపెట్టి తీస్తారు.

టీబీ ఊపిరితిత్తులకే వస్తుందన్న నమ్మకం కూడా సరికాదు. మెడ కింద నొప్పి లేకుండా పెరిగే గడ్డ, ఎన్నాళ్ళకూ తగ్గని వెన్నునొప్పి, కొందరు ఆడవాళ్ళలో పిల్లలు పుట్టకపోవడం, వీటి వెనక కూడా టీబీ ఉండొచ్చు.

“కేసులు ఎక్కువ చూపిస్తే మనకే చెడ్డపేరు”

ఇది ఇంట్లో వినపడే మాట కాదు, సమీక్షా సమావేశాల్లో వినపడేది. మలేరియాకో డెంగీకో కేసులు తక్కువుంటే మెచ్చుకునే అలవాటు మనకుంది. వెతికి పట్టుకునే దశలో టీబీకి ఆ లెక్క చెల్లదు. ఒక మండలంలో టీబీ కేసులు ఉన్నట్టుండి సగానికి పడిపోతే, జబ్బు తగ్గిందేమో అనుకునే ముందు ఎంతమందిని పరీక్షించారో అడగాలి. పరీక్షలు తగ్గి కేసులూ తగ్గితే అది ఆనందించాల్సిన సంగతి కాదు.

దేశం 2025 నాటికి టీబీని అంతం చేస్తానని 2018లో గడువు పెట్టుకుంది. 2015తో పోలిస్తే కొత్త కేసుల రేటు 80 శాతం తగ్గాలన్నది లక్ష్యం. 2015లో లక్ష మందికి 237 కేసులుంటే, 2024కి అవి 187కి వచ్చాయి. ఐదో వంతుకు కాస్త ఎక్కువ తగ్గింది. ఇది చిన్న విజయం కాదు, ప్రపంచ సగటు కంటే మెరుగే. కానీ గడువు తప్పింది, ఆ మాట దాచాల్సిన పనిలేదు. గడువును చూసి అంకెను మార్చమని కింది ఉద్యోగిని తొందరపెట్టే అధికారి ఒక కుటుంబం మొత్తాన్ని ప్రమాదంలోకి తోస్తున్నాడు. ప్రైవేటు డాక్టర్లు కూడా తమ టీబీ రోగుల్ని ప్రభుత్వానికి తెలియజెయ్యడం 2012 నుంచి తప్పనిసరి. అలా నమోదైతే ప్రైవేటులో చూపించుకుంటున్న రోగికి కూడా ఉచిత మందులు, పోషకాహారం డబ్బు అందుతాయి. “మీ పేరు బయటికి రానివ్వంలే” అని నమోదు చెయ్యకుండా వదిలేసే డాక్టరు రోగికి మేలు చెయ్యడం లేదు.

“ఎవరికీ చెప్పకు, దాని కంచం గ్లాసు వేరు చెయ్యి”

ఈ రెండు సలహాలూ ఒకే నోటి నుంచి వస్తాయి. బయట దాచమంటారు, ఇంట్లో వెలివేస్తారు. కొత్త కోడలికి టీబీ అని తెలిస్తే “పుట్టింటికి పంపెయ్, తగ్గాక చూద్దాం” అనే అత్తగార్లు ఇంకా ఉన్నారు. పెళ్ళి కావాల్సిన అమ్మాయికి వస్తే తల్లిదండ్రులు దగ్గరున్న ఆరోగ్య కేంద్రం వదిలేసి, ఎవరూ గుర్తుపట్టని ఊరికి తీసుకుపోతారు. ఛార్జీలు మోయలేక మూడో నెలలో మానేస్తారు.

వెలి అన్న అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. మందు లేని రోజుల్లో రోగిని కొండగాలికి పంపడమే వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం వెలిసింది. డేనిష్ వైద్యుడు ఫ్రిమొట్-మోలర్ దాన్ని నడిపాడు. వికారాబాద్ అనంతగిరి కొండల మీదా అలాంటిదే ఉండేది. అక్కడికి వెళ్ళినవాళ్ళు నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండేవారు. ‘టీబీ అంటే ఊరి బయటి జబ్బు’ అన్న భావం అలా మనసుల్లో నాటుకుంది.

ఆ భావాన్ని కొట్టేసిన పని మన పొరుగునే జరిగింది. మద్రాసు చెట్‌పెట్‌లో 1956లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. మద్రాసు పేదవాడల రోగుల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టును శానిటోరియంలో ఉంచి, రెండో జట్టును ఇంట్లోనే ఉంచి, రెండు జట్లకూ ఒకే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ళది ఇరుకు గది, చాలీచాలని తిండి. అయినా వాళ్ళకూ దాదాపు అంతే బాగా తగ్గింది. ఇంట్లోవాళ్ళకు జబ్బు అంటడంలో కూడా రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఎందుకంటే అంటడం చాలావరకు రోగం గుర్తించకముందే జరిగిపోతుంది. 1959లో వచ్చిన ఈ ఫలితంతో ప్రపంచమంతా శానిటోరియాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 60 ఏళ్ళు దాటినా మన ఇళ్ళలో కంచం వేరు చెయ్యడం మాత్రం ఆగలేదు.

టీబీ గాలి ద్వారా అంటుతుంది. కంచం వల్ల రాదు, చెయ్యి పట్టుకుంటే రాదు, పక్కబట్టల వల్ల రాదు. సరైన మందులు మొదలైన రెండు మూడు వారాల్లో అంటించే శక్తి బాగా పడిపోతుంది. ఆ కొద్ది రోజులు రోగి నోటికి గుడ్డ కట్టుకుని, కిటికీలు తెరిచి, వీలైతే గాలి ఆడే వరండాలో పడుకుంటే చాలు. పాలిచ్చే తల్లి బిడ్డకు పాలివ్వొచ్చు, మాస్కు పెట్టుకుంటే సరిపోతుంది. గర్భవతి కూడా టీబీ మందులు మానకూడదు. మరో సంగతి ఆడవాళ్ళకు ఎవరూ చెప్పరు: రిఫాంపిసిన్ వాడుతున్నప్పుడు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచెయ్యవు. వేరే పద్ధతి కోసం ఏఎన్ఎంని అడగాలి.

“తగ్గింది కదా, ఇక ఆపెయ్. ఈ గోలీలు వేడి”

మొదటి నెల తిరిగేసరికి దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. అప్పుడే మానేయాలనిపిస్తుంది. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అనే నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడు. చురుగ్గా పెరిగే క్రిములు మొదటి వారాల్లో చస్తాయి. నిద్రాణంగా పడి ఉన్నవాటికి మిగిలిన నెలలు కావాలి. మధ్యలో ఆపితే మిగిలినవే మళ్ళీ పెరుగుతాయి, మందుకు లొంగనివి కూడా వాటిలో బలపడొచ్చు. మొండి టీబీకి ఒకప్పుడు 18 నుంచి 24 నెలలు మందులు మింగాల్సి వచ్చేది, అందులో చెవులు పోగొట్టే సూదులు కూడా ఉండేవి. ఇప్పుడు తగినవాళ్ళకు ఆరు నెలల్లో అయ్యే కొత్త చికిత్సను భారత్ 2024లో ఆమోదించింది. అది వచ్చింది కదా అని మొదటి చికిత్సను నిర్లక్ష్యం చెయ్యొద్దు.

‘వేడి’ అన్న మాట వెనక నిజమైన బాధలుంటాయి, వాటిని కొట్టిపారెయ్యకూడదు. మూత్రం, చెమట ఎర్రగా వస్తే అది రిఫాంపిసిన్ రంగు, భయం లేదు. పాదాల్లో తిమ్మిర్లు వస్తే డాక్టరు బి6 విటమిన్ ఇస్తారు. కడుపులో తిప్పితే మాత్రలు వేసుకునే వేళ మారుస్తారు. కళ్ళు పచ్చబడినా, ఆగకుండా వాంతులవుతున్నా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా, చూపు మసకేసినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మజ్జిగ తాగి రెండు రోజులు గోలీలు మానెయ్యమన్న సలహా వీటిలో దేనికీ సరిపోదు. కల్లు, సారా తాగిన రోజు గోలీ వద్దంటారు కొందరు. అలా వారానికి రెండు రోజులు పోతే చికిత్సే పోతుంది. తాగే అలవాటున్న మనిషిని తిట్టి దూరం చేసుకునే బదులు, మానలేకపోతున్నానని డాక్టరుకు చెప్పించాలి. కాలేయ పరీక్షలు చేస్తూ చికిత్స నడిపిస్తారు.

“పథ్యం చెయ్యి: గుడ్డు వద్దు, పప్పు వద్దు, చారన్నం తిను”

ఇందాక చెప్పిన మద్రాసు ఫలితాన్ని చాలామంది తప్పుగా చదివారు. చాలని తిండితోనూ రోగం తగ్గింది కాబట్టి తిండి పెద్ద విషయం కాదనుకున్నారు. దశాబ్దాల పాటు టీబీ కార్యక్రమం మాత్రల చుట్టూనే తిరిగింది.

డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ జార్ఖండ్‌లో చేసిన అధ్యయనం 2023లో లాన్సెట్ పత్రికల్లో వచ్చింది. 2800 మంది రోగులకు మందులతో పాటు నెలకు 10 కిలోల తిండి సామాను ఇచ్చారు. వాళ్ళలో ఐదింట నలుగురికి పైగా ఉండాల్సిన బరువు కంటే తక్కువున్నవాళ్ళే. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్ళలో చావు ముప్పు 60 శాతం దాకా తక్కువగా కనిపించింది. ఇంకా ముఖ్యమైనది ఇంట్లోవాళ్ళ సంగతి. సగం ఇళ్ళలో తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది, అంటించే రకం టీబీ 48 శాతం తగ్గింది. కందిపప్పు, బియ్యం! రేషన్ షాపులో దొరికే సరుకులు ఒక జబ్బును సగానికి దగ్గరగా తగ్గించాయంటే ఇక పథ్యం గురించి వాదించడానికి ఏమీ మిగలదు.

గుడ్డు పెట్టండి, పప్పు ముద్దగా వండి పెట్టండి, వేరుశనగలు, పాలు, చేపలు, మాంసం, ఇంట్లో ఏది కుదిరితే అది పెట్టండి. నెలనెలా తూకం వేయించండి. తిండి కోసం ప్రభుత్వం 2018లో నెలకు 500గా మొదలుపెట్టిన నిక్షయ్ పోషణ్ డబ్బును 2024 నవంబరు నుంచి 1000 చేశారు. బ్యాంకు ఖాతా, ఆధార్ సరిచూసుకుని, పడకపోతే అడగాలి. నిక్షయ్ మిత్ర పథకంలో ఎవరైనా రోగికి పోషకాహార బుట్ట ఇవ్వొచ్చు. అయితే బుట్ట ఇస్తూ రోగితో ఫొటో దిగి గ్రూపుల్లో పెట్టే అలవాటును మనం మానుకోవాలి. ఆ ఫొటో చూసిన తర్వాత రెండో నెల బుట్ట తీసుకోవడానికి రోగి రాడు.

బాగా చిక్కిపోయి, ఆసరా లేకుండా నిలబడలేని, ఆయాసపడుతున్న మనిషిని “రోగం తేలింది కదా, ఇంటికి తీసుకుపోండి” అని పంపకూడదు. టీబీ చావుల్లో చాలా భాగం మొదటి రెండు నెలల్లోనే జరుగుతాయి. తమిళనాడులో 2022 నుంచి రోగం తేలగానే బరువు, ఊపిరి, నిలబడగలిగే శక్తి చూసి, బలహీనంగా ఉన్నవాళ్ళను ఆసుపత్రిలో చేర్చుకుంటున్నారు. మన దగ్గరా అలా చూడమని ఇంటివాళ్ళు అడగొచ్చు.

“పిల్లలకు బీసీజీ వేయించాంగా, వాళ్ళకేం కాదు”

పుట్టగానే వేసే బీసీజీ టీకా పసిపిల్లల్ని మెదడు టీబీ లాంటి ప్రాణాంతక రూపాల నుంచి కాపాడుతుంది, కాబట్టి తప్పక వేయించాలి. పెద్దల్లో ఊపిరితిత్తుల టీబీని మాత్రం అది నమ్మకంగా ఆపలేదు. తమిళనాడులోని చెంగల్పట్టులో 1968లో మొదలైన భారీ పరీక్ష ఈ విషయాన్ని తేల్చింది.

ఇంట్లో ఒకరికి ఊపిరితిత్తుల టీబీ అని తేలితే మిగతా అందరికీ పరీక్ష చెయ్యాలి. జబ్బు లేదని తేలినవాళ్ళకు నివారణ మందు ఇస్తారు. “జబ్బే లేనప్పుడు గోలీలెందుకు?” అని మామగారు అడ్డం పడతారు. ఒంట్లో నిద్రపోతున్న క్రిమి లేవకుండా ఆపడానికే ఆ గోలీలు. ఐదేళ్ళలోపు పిల్లలకు ఇది మరీ ముఖ్యం. కొందరికి ఆరు నెలలు రోజూ, మరికొందరికి మూడు నెలలు వారానికోసారి చొప్పున 12 మోతాదులు. ఏది ఎవరికన్నది డాక్టరు చెబుతారు. సందేహం వస్తే నిక్షయ్ సంపర్క్ ఉచిత ఫోను ఉంది: 1800-11-6666.

“మందులు అయిపోయాయి, ఇక ఆ ఊసే ఎత్తకు”

చికిత్స చివర తెమడ పరీక్ష చేయించి, నయమైందన్న కాగితం తీసుకుని దాచుకోండి. తర్వాత రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి పరీక్షకు వెళ్ళాలి, ఎందుకంటే తిరగబెట్టే టీబీ ఎక్కువగా ఆ రెండేళ్ళలోనే తిరగబెడుతుంది. చికిత్సకు ముందు రోజుల్లో వచ్చినట్టే మళ్ళీ దగ్గు, సాయంత్రం జ్వరం వస్తే గడువు కోసం చూడకుండా అదే వారం తెమడ ఇవ్వండి, ఇదివరకు టీబీ వచ్చిందని అక్కడ ముందే చెప్పండి. అప్పుడు మొదటే మందుల నిరోధం ఉందేమో చూసి, దానికి తగ్గ మందులు మొదలుపెడతారు. జబ్బు తగ్గిన మనిషి తన కథ చెప్పుకోవడానికి ఇష్టపడితే ఆయన్ని ఆపకండి. ఊళ్ళో తర్వాత దగ్గే మనిషి ఆశా కార్యకర్త మాట కంటే ఆయన మాటే ముందు వింటాడు.